చద్దరు రెండో కొన

మా గల్లీలో ఎవరు బరువు ఎత్తబోయినా నా నోరు ఊరుకోదు. గ్యాస్ బండ తెచ్చిన మనిషి నడుము వంచాడో లేదో, "మోకాళ్లు మడువు నాయనా, నడుము కాదు" అనేస్తాను. ఆటోలోంచి బియ్యం బస్తా దించుతున్నవాణ్ణి ఆపి, పాదాలు ఎడంగా పెట్టమంటాను. బడిలో పిల్లలు బెంచీ జరపాలన్నా "ఏక్, దోన్, తీన్" అని ముగ్గురూ కలిసి లెక్కపెట్టాల్సిందే, ఆ తరువాతే చెయ్యి వెయ్యాలి. బాయికి అప్పుడే చాదస్తం మొదలైందని తోటి పంతులమ్మలు ఆటపట్టిస్తుంటారు. మా సోలాపూర్‌లో పంతులమ్మను బాయి అంటారు.

ఈ చాదస్తం నాకు అంటించిన మనిషి పోయిన గురువారం చనిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు ఉందని కూడా అనుకోను. ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ రోగులను చూసుకునే ఆడవాళ్లందరినీ ఈ ఊళ్లో మావ్‌శీ అనే పిలుస్తారు. మరాఠీలో పిన్ని అని అర్థం. పిలుపులో చుట్టరికం ఉంది కదా, పేరెందుకులే అనుకుంటాం. ఎనిమిది నెలలు మా ఇంట్లో తిరిగిన మనిషిని నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.

నాయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి జోడ్‌భావి పేట్‌లోని మా ఇంటికి తెచ్చిన మర్నాడే ఆమె వచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది, నేను ఒక్కతే కూతుర్ని, పెళ్లి చేసుకోలేదు. పొద్దున ఏడింటికి బడికి వెళ్తే మళ్లీ మధ్యాహ్నానికే రావడం. అందాకా నాయన దగ్గర ఒక మనిషి ఉండాలి, నేను వచ్చాక కూడా సాయంత్రం దాకా ఇంకో రెండు చేతులు కావాలి.

యాభై దాటిన పొట్టి మనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది, నాయన ముఖం చూడలేదు. మంచం చూసింది. మంచం పక్కన నిటారుగా నిలబడి, పట్టె తన ఒంటికి ఎక్కడిదాకా వస్తుందో అరచేత్తో కొలుచుకుంది.

"నాలుగు ఇటుకలు తే బాయీ," అన్నది.

"ఇటుకలెందుకు మావ్‌శీ?"

"మంచం కోళ్ల కింద పెట్టనీకె. ఇంత కిందికి రోజుకు ఇరవైసార్లు వంగితే, నెల దినాలల్ల నాకే ఇంకో మావ్‌శీ కావాలె."

మంచినీళ్లు కూడా ఆ తరువాతే అడిగింది. పక్కింటి షెడ్డు గోడ దగ్గర పడి ఉన్న ఇటుకలు తెచ్చి పెట్టాం. నాయనకు మాట ముద్దగా వచ్చేది గాని నోటి దురుసు మాత్రం తగ్గలేదు. "అటక మీద పండవెడ్తున్రా నన్ను?" అన్నాడు. "హో కాకా, పైనుంచి గల్లీ మంచిగ కనవడ్తది," అని ఆమె నవ్వింది.

నాయన నలభై ఏళ్లు సాంచాల మీద చద్దర్లు నేసిన మనిషి. పవర్‌లూమ్‌ను మేం సాంచా అంటాం. ఆ మోతలో చెవులు సగం పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎవరైనా అరవాల్సిందే. మావ్‌శీకి ఆ కష్టం లేదు. ఆమె గొంతు మామూలుగానే గల్లీ చివరిదాకా వినిపించేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తప్పు దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

పనిలోకి దిగేముందు ఆమె ఒక పాత తువ్వాలును నడుముకు చుట్టి, ముడి సరిగ్గా కడుపు మీదికి వచ్చేలా బిగించేది. నడుముకు బలం కోసమేమో అనుకున్నాను. "బలం లేదు, ఏం లేదు," అన్నది. "మర్చిపోయి నడుము వంచిన్ననుకో, ముడి కడుపుల గుచ్చుకుంటది. అప్పుడు మోకాళ్లు యాదికొస్తయ్."

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. ఆసుపత్రిలో పదేళ్లు చేసిందని తెలుసు, అక్కడి సిస్టర్లెవరైనా చెప్పి ఉంటారనుకున్నాను.

"ఎవలు చెప్తరు? నా ముందటి మావ్‌శీల నడుములు చూసి నేర్చుకున్న. ఒకామె చెంబెడు నీళ్లు వంచుకోలేకపోతుండె. ఒకామె కోడలు చీర కడ్తెనే చీర. అందరు మంచిగ పనిచేసినోళ్లే. మంచిగ చేసేటోళ్లవే పోతయ్ నడుములు."

నాయనను ముట్టుకునేముందు, ఏం చేయబోతున్నదో ఆయనకు చెప్పేది. చెప్పకుండా ఒక్కసారీ ముట్టుకోలేదు. "కాకా, కుడికి తిప్తున్న. ఎడమకాలు మడువు. గడ్డం ఛాతికి ఆనించు. నీ పని నువ్వు చెయ్, నా పని నేను చేస్త. హళూ... హళూ..." అంటూ మెల్లగా తిప్పేది. ఆసుపత్రిలో అందరూ కదలొద్దు కదలొద్దు అని చెప్పి పంపిన మనిషికి, నీ పని నువ్వు చెయ్ అనే మాట ఎంత నచ్చిందో నేను చూశాను. ఆమె లేనప్పుడు కూడా ఎడమకాలు మడవడం, చాపడం చేస్తుండేవాడు. అడిగితే, డ్యూటీ చేస్తున్నానని చెప్పేవాడు.

చద్దరు విషయం మొదటి రోజే వచ్చింది. దళసరి నేత చద్దరు ఒకటి ఇమ్మన్నది. దాన్ని మడతపెట్టి నాయన భుజాల నుంచి తొడలదాకా ఆయన కింద పరిచి, రెండు పక్కలా అంచులను ఆయన ఒంటి దగ్గరిదాకా చుట్టింది. ఒక అంచు తను పట్టుకుని, ఇంకోటి నా చేతికిచ్చింది.

"ఎత్తద్దు బాయీ. జరపాలె. తీన్ అనేదాక గుంజకు. ఏక్... దోన్... తీన్!"

నాయన మంచం మీద కిందినుంచి దిండు దాకా అలవోకగా వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో ముగ్గురు మగవాళ్లు చంకల్లో చేతులు పెట్టి ఈడుస్తుంటే ఆయన అరిచిన అరుపులు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లం, ఒక్క మూలుగు లేదు. నాకు ఆ రోజు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

అది మూడు రోజులే సాగింది. నాలుగో రోజు నాయనకు తను దేనిమీద ఉన్నాడో తట్టినట్టుంది. బాగున్న చేత్తో అంచు పట్టుకుని వదల్లేదు.

"పీనుగునా నేను? పానముండంగనే చద్దర్ల మోస్తరా?"

మా వాడకట్టులో మనిషి పోతే మంచం మీంచి కిందికి దించేది చద్దరులోనే. నాలుగు కొనలూ నలుగురు పట్టుకుంటారు. మా నానమ్మకు, మా అమ్మకు, తోటి నేతగాళ్లెందరికో నాయన కొన పట్టాడు. ఊరంతా కప్పుకునే చద్దర్లు నేసినవాడు, దాని మీద పడుకోవడానికి అడ్డు చెప్పలేదు. దాని కొనలు మనుషులు పట్టుకోవడాన్ని మాత్రం సహించలేకపోయాడు.

మావ్‌శీ నడుము వంచకుండా మోకాళ్లు మడిచి ఆయన చెవి దగ్గరికి ముఖం పెట్టింది. "కాకా, సాంచా మీదికి బీమ్ ఎక్కిస్తుంటివి గద. గంత పెద్ద పోగుల రోలు. ఒక్కనివే ఎత్తినవా ఎన్నడన్న?"

"లే. ఇద్దరం పడుదుం."

"లెక్కపెడుదురా లేదా?"

"పెడుదుం. లెక్క లేకుంటె ఒకని భుజం పోతది."

"మరి ఇదీ గంతే గద."

నాయన అంచు మీది పట్టు సడలించాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను. "బీమ్‌కు ఇజ్జత్ ఉండది," అన్నాడు. "నాకున్నది."

ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను కరిగిపోయాను. ఆ క్షణంలో నాకు కనిపించింది ఆయన ఒక్కడే. గదిలో ఇంకో మనిషి ఉన్నదనీ, ఆమెకూ ఒక నడుము ఉన్నదనీ తోచలేదు.

"చద్దరొద్దులే మావ్‌శీ," అన్నాను. "అలవాటైనదానివే గద నువ్వు. చేతుల్తోనే లేపు. నాయిన మనసెందుకు కష్టపెట్టాలె?"

 ఆమె తువ్వాలు ముడి విప్పి, మళ్లీ బిగించి కట్టుకుంది.

"సరే బాయీ. నువ్వు బడికి పోయినప్పుడు ఎట్లనో చేస్త. ఇంట్ల ఉన్నప్పుడన్న రెండో దిక్కు నువ్వు పట్టాలె. నన్ను ఒక్కదాన్ని పెట్టకు."

"పిలువు, వస్త," అన్నాను.

మొదట్లో వెళ్లేదాన్ని. ఆమె పిలవకముందే వెళ్లేదాన్ని. నెల గడిచాక పిలిస్తే వెళ్లాను. ఆ తరువాత, పేపర్లు దిద్దుతూనో, ఫోన్‌లో మాట్లాడుతూనో కూర్చుని, ఆమె పిలవకపోతే మంచిదనుకున్నాను. ఆమె కూడా పిలవడం తగ్గించింది. నాయన ఎముకల గూడే గాని పొడగరి. ఆయన చంకల కింద చేతులు వేసి, ఛాతికి ఛాతి ఆనించి, ఆ పొట్టి మనిషి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచంలోకి, రోజుకు ఎన్నిసార్లు మార్చేదో. ఆయనకు ఎనిమిది నెలల్లో ఒక్క పుండు కాలేదు. అది చూసి డాక్టర్ నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పును నేను ఆమెకు చేర్చలేదు.

ఆమె ఇంటికి పోయేముందు మా మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. గల్లీలో గాలి బాగుందని చెప్పేది. చెప్పులను వంగి సర్దుకోవడం మానేసి, కాలివేళ్లతో తడుముకునేది. నేల మీద పడ్డ చెంచాను తీయకుండా కాలితో గోడవారకు నెట్టడం ఒకరోజు చూసి, ఎంత బద్ధకమమ్మా అనుకున్నాను. పంతులమ్మను, పిల్లల ముఖం చూసి జ్వరం చెప్పగలను. నా కళ్ల ముందు ఒక మనిషి నడుము అరిగిపోతుంటే మాత్రం బద్ధకం అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. వంటింటికి, నాయన గదికి మధ్య పది అడుగులు కూడా ఉండవు. నాయనకు స్నానం చేయించి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చాలి.

"బాయీ, జరా ఇటు రా."

"ఆఁ, వస్తున్న," అన్నాను. రొట్టె అప్పుడే పెనం మీద వేశాను.

"బాయీ! కాకాకు చలి పెడ్తున్నది. జరా రా."

"ఒక్క నిమిషం మావ్‌శీ." రొట్టె పొంగుతోంది. తిప్పాను. రెండోవైపు కూడా కాలనిచ్చాను.

ఆ తరువాత ఆమె పిలవలేదు. తడి ఒంటితో వణుకుతున్న మనిషిని ఎంతసేపు కూర్చోబెడుతుంది? ఒక్కతే లేపింది. సగంలో నాయన కాలు తడి నేల మీద జారింది. ఆయన భయంతో బాగున్న చేయి ఆమె మెడకు వేసి వేలాడాడు. అప్పుడు వదిలేస్తే ఆమె నడుము దక్కేది. వదల్లేదు.

శబ్దం విని పరుగెత్తి వెళ్లేసరికి, మావ్‌శీ సగానికి వంగి, నాయనను పొదివి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇద్దరం కలిసి ఆయనను మంచం మీదికి చేర్చాం. చేర్చాక ఆమె లేవలేకపోయింది. మంచం పట్టె పట్టుకుని, ముఖమంతా చెమటతో, తల పైకెత్తకుండానే అడిగింది.

"కాకా పడలే గద?"

వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది.

వెన్నులో డిస్కు జారిందన్నారు. ఇంకెప్పుడూ బరువు ఎత్తకూడదన్నారు. చూపించాను, మందులు ఇప్పించాను, చేయవలసినవన్నీ చేశానని అందరూ అన్నారు. రెండో మనిషి కుదిరేదాకా నేను సెలవు పెట్టాను. మొదటి రోజు నాయన తినలేదు. సాయంత్రం నన్ను పిలిచి, బీరువా వైపు చేయి చూపించాడు.

"నేను నేసిన చద్దర్ తియ్యి బిడ్డా. నా కిందెయ్యి."

అప్పటినుంచి ఆయన పోయేదాకా, ఏడాది పాటు, చద్దరు మీదే తిప్పాం. లెక్క కూడా ఆయనే పెట్టేవాడు. ముద్ద మాటతో ఏక్, దోన్ అని, తీన్ దగ్గర గొంతు పెంచేవాడు. ఆ ముసలాయన ఇజ్జత్ ఏమీ తగ్గలేదు. ఈ బుద్ధి ముందే ఎందుకు పుట్టలేదని ఆయనను తిట్టుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు నేను గట్టిగా ఒక్కమాట చెప్పి ఉంటే ఆయన రెండు రోజులు అలిగి ఊరుకునేవాడు.

ఆమెను చూడటానికి ఊరి చివర బీడీ కాలనీకి వెళ్లాను. అశోక్ చౌక్‌లో ఆటో ఎక్కుతూనే చెప్పాల్సిన మాట తయారు చేసుకున్నాను. పిలిచినవు, విన్న, రాలే. మూడు ముక్కలే. ఆమె చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోతూ, ముందు పక్కకు తిరిగి, తరువాత మోచేత్తో నేలను నెట్టి లేచింది. "చూసినవా, గిట్ల లేవాలె," అని అప్పుడు కూడా పాఠమే. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తర్వాత. ముందుగాల చెప్పు, కాకాను ఎట్ల తిప్తున్రు?"

"చద్దరు మీద."

"ఒప్పుకున్నడా!"

"ఆయనే అడిగిండు."

ఆమె సంతోషం చూడాలి. కోడలిని పిలిచి మరీ చెప్పింది. ఆ తరువాత నన్ను నిలబెట్టి, రెండు దిండ్లు కలిపి కట్టించి, పాదాలు ఎట్లా పెట్టాలో, బరువును ఒంటికి ఎంత దగ్గరగా పట్టుకోవాలో చేయించి చూసింది. తప్పు చేసినప్పుడల్లా "నడుము! నడుము!" అని అరిచింది. ఆ దిండ్లు పట్టుకుని నిలబడి, చెప్పాల్సిన మూడు ముక్కలు చెప్పలేకపోయాను. తిరిగి వచ్చేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చోలేక, దాన్ని కిటికీ గూట్లో పెట్టుకుని నిలబడి బీడీలు చుడుతోంది. అప్పుడూ చెప్పలేదు. మూడోసారి వెళ్లలేదు. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గు పడేవాళ్లకు పనులు బాగానే దొరుకుతాయి.

గురువారం కోడలు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి మావ్‌శీ మంచం మీదే ఉంది. మంచం కోళ్ల కింద నాలుగు ఇటుకలు. ఒంటి కింద ఒక పాత చద్దరు. రెండు అంచులూ పట్టుకుని పట్టుకుని పోగులు లేచిపోయాయి. అది చూశాక నాకు ఆమె ముఖం చూసే ధైర్యం రావడానికి కొంచెం సేపు పట్టింది.

ఆర్నెల్లుగా మంచానికే ఉన్నదట. కోడలు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఒక్కనాడన్న నన్ను ఒక్కదాన్ని ముట్టనియ్యలే బాయీ. పక్కింటామె వచ్చేదాక తడిబట్టల్నే పండుకుంటుండె. నేనే లేపుత అత్తా అంటే తిడుతుండె. నేను తొందరపడి చెడిపోయిన, నువ్వు చెడిపోకు అంటుండె."

"తొందరపడిందా?"

"అవ్. ఆనాడు బాయి వంటింట్లనే ఉన్నది, పిలిస్తే వచ్చేది, పిలువకుండ ఎత్తిన, తప్పు నాది. ఎవలడిగినా గదే చెప్తుండె."

 ఊరుకుంటే మావ్‌శీ చెప్పిందే నిజమై మిగులుతుంది. నాకు అదే సుఖం. ఇన్నేళ్లుగా నేను మోయలేని మాటను కూడా ఆమే తన మీద వేసుకుని మోసిందని అర్థమయ్యేసరికి, ఇక ఊరుకోలేకపోయాను.

"పిలిచింది," అన్నాను. "రెండుసార్లు పిలిచింది. నాకు వినవడ్డది. రొట్టె మాడుతదని నేనే పోలే."

కోడలు నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె లేచి, అత్త నుదుటి మీది వెంట్రుకలు సర్దింది.

బయట పాడె సిద్ధమైంది. ముగ్గురు మగవాళ్లు లోపలికి వచ్చారు. ఒకడు భుజాల దగ్గర, ఒకడు కాళ్ల దగ్గర చేతులు వేయబోయారు.

"ముట్టకుండ్రి," అన్నది కోడలు. "గట్ల ఎత్తద్దు. చద్దరు పట్టుండ్రి, మోకాళ్లు మడువుండ్రి."

"ఇంకామెకేం నొస్తదమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఆమెకు కాదు తాతా. మీకు."

పెద్దాయన వెనక్కి తగ్గాడు. మిగిలిన ఇద్దరూ కాళ్లవైపు అంచులు చుట్టి పట్టుకున్నారు. తలవైపు ఒక కొన ఖాళీగా ఉంది. కోడలు ఎదురుగా రెండో కొన పట్టుకుని, తల తిప్పి నావైపు చూసింది.

"బాయీ, జరా ఇటు రాండ్రి."

నేను వెంటనే వెళ్లాను.